చెంబెడు వాన

ఎనిమిదీ ఇరవై ఐదుకు చౌడప్ప వానడబ్బా మీది గరాటా తీసి పక్కన పెట్టి, లోపలున్న సీసాను రెండు వేళ్ళతో మెల్లగా పైకి లాగాడు. సీసాలో ఏమీ లేదు. ఏమీ లేదని సీసా తీయకముందే ఆయనకు తెలుసు. ముప్పై నాలుగు రోజులుగా తెలుసు. అయినా దాన్ని ఎండకేసి పట్టుకుని, ఒక కన్ను మూసి, అడుగున చెమ్మ ఏమైనా మిగిలిందేమోనని చూశాడు. ఒక గండుచీమ ఉంది. దాన్ని నేల మీదికి దులిపి, ఆఫీసు కిటికీ గూట్లోంచి తెచ్చుకున్న కొలగ్లాసును ఎడమచేత్తో పట్టుకుని, సీసాలో లేని నీళ్ళను అందులోకి వంచాడు. గొంతుకు కూర్చుని, గ్లాసును కంటికి సమానంగా ఎత్తి, గీతలు చూసి, జేబులోని చిన్న పుస్తకంలో సున్నా వేశాడు.

లేని నీళ్ళను గ్లాసులోకి వంచడం చూసి ఆఫీసుకు కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ అంటాడు చౌడప్ప. వంచకుండా వేస్తే అది ఊహించి వేసిన సున్నా. వంచి వేస్తే చూసి వేసిన సున్నా. కాగితం మీద రెండూ గుండ్రంగానే ఉంటాయి. అంతమాత్రాన రెండూ ఒకటైపోవు.

లేవబోతే ఎడమ రొమ్ము కింద పట్టేసినట్టయింది. కంచె రాయిని పట్టుకుని కాసేపు ఆగాడు. రాత్రి తిన్న అలసందల పులుసు పనే ఇదని, గ్యాసని అనుకున్నాడు. రెండుసార్లు తేన్పు తెచ్చుకోవడానికి ప్రయత్నించి, రాకపోతే వదిలేసి, గరాటా మళ్ళీ బిగించాడు.

ఇక ఫోటో మిగిలింది. వానడబ్బాకు తూర్పున, నాలుగు అంగల దూరంలో, ఒక తాడిపత్రి బండ ముక్క నేలలో పాతి ఉంది. ఎవరి ఇంటి గచ్చుకో పోగా మిగిలిన ముక్కను తెచ్చి పాతింది ఆయనే. చెప్పులు విడిచి దాని మీద నిలబడ్డాడు. వీపు మీద ఎండ. ముందర వానడబ్బా, దాని వెనక ఆఫీసు ప్రహరీ, ప్రహరీ అవతల బత్తలపల్లె బస్సు పోయే రోడ్డు, రోడ్డు అవతల బూదగుట్ట. మిగతాదంతా ఆకాశం. ఫోను నిలువుగా పట్టుకుని, మోచెయ్యి పక్కకు చాపి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. ఎనిమిదీ ముప్పై ఒకటి.

చౌడప్ప బూదగుట్ట తహసీల్దారు ఆఫీసులో తలారి. తండ్రి చేసిన పనే ఆయనకూ వచ్చింది. సన్నటి పొడుగు మనిషి. ఖాకీ చొక్కా, తెల్ల పంచె, నెత్తిన ఒక పక్కకు ముడి వేసిన తలగుడ్డ. కుడికంటికి పొర వస్తూ ఉంది, ఆపరేషను చేయించుకోమని హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు హేమ ఫోను చేసినప్పుడల్లా అంటుంది. ఇంకొక్క యేడాదిలో పని దిగిపోతాడు. దిగిపోయినా పొద్దున్నే వచ్చి సీసా చూసిపోతాడని ఆఫీసులో అందరూ అనుకుంటారు. ఆయనా అదే అనుకుంటాడు.

ఈ ఫోటోల సంగతి మొదలై తొమ్మిదేళ్ళయింది. అప్పుడొక ఆఫీసరు ఉండేవాడు. మీసం చిన్నది, అనుమానం పెద్దది. వరసగా నలభై సున్నాలు చూసి, "నువ్వు నిజంగా పోయి చూస్తున్నావో, ఇంట్లో పడుకుని రాస్తున్నావో నాకెలా తెలుస్తుంది? రోజూ ఆకాశంతో సహా ఫోటో తీసి గ్రూపులో పెట్టు" అన్నాడు. మూడు నెలలకు ఆయన బదిలీ అయిపోయాడు. ఆపమని మాత్రం ఎవరూ చెప్పలేదు. గ్రూపులో ఉన్న పదకొండు మందిలో నలుగురు రిటైరయ్యారు, ఒకాయన చనిపోయాడు. మిగిలినవాళ్ళు తెరిచి చూస్తారన్న నమ్మకం లేదు. చౌడప్ప ఫోను రెండుసార్లు మారింది గానీ లోపలి చిప్పు మారలేదు. అందులో మూడు వేల పైచిలుకు ఫోటోలున్నాయి.

వానడబ్బాకు కుడిపక్కన, నిలువెత్తు ఇనుప స్తంభం మీద, మిషను ఉంది. అది పెట్టి నాలుగేళ్ళు. దానికొక గాజు పలక, ఒక చిన్న కొమ్ములాంటి తీగ, పైకి నోరు తెరిచిన ఒక పొట్టి గొట్టం. వాన పడితే ఎవరూ చూడకుండానే అదే కొలుచుకుని, అదే అనంతపురానికి చెప్పుకుంటుంది. చౌడప్పకు దానంటే పడదు. చెమట పట్టదు, సెలవు అడగదు, గ్లాసు వంచి చూడదు. సవతిని చూసినట్టు దాన్ని రోజూ ఓరకంట చూసి లోపలికి పోతాడు.

ఆ సోమవారం ఆయన గ్లాసు తుడిచి గూట్లో బోర్లించేలోపే కిటికీలోంచి పిలుపొచ్చింది. ప్రశాంతి పిలిచింది. మండలం లెక్కలన్నీ, అంటే విత్తిన ఎకరాల నుంచి కురిసిన చినుకు దాకా, చూసే చిన్న ఆఫీసరు ఆ అమ్మాయి. గుత్తి నుంచి వచ్చి రెండేళ్ళయింది.

"చౌడప్పన్నా, రిజిస్టరు ఎత్తుకోని సారు కాడికి రావాలంట. బిరీన రా."

తహసీల్దారు మార్కండేయ అప్పటికే అరిచి అలసిపోయినట్టున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, ఫ్యాను వంక చూస్తూ అడిగాడు.

"ఏం చౌడప్పా, ఏడో తారీకు గురువారం మన కాడ ఎంత వాన పడింది?"

చౌడప్ప రిజిస్టరు తెరవకుండానే చెప్పాడు. "సున్నా సార్."

"మిషను ముప్పై ఒక్క మిల్లీమీటర్లు అంటాంది."

"మిషను యేమన్నా అంటాది సార్. ఆ పొద్దు పిట్ట రెట్టంత తడి కూడా పడలే."

"అది నాకూ తెలుసు, ఊర్లో కుక్కకూ తెలుసు. అనంతపురం వాళ్ళకు తెల్దు గదా." మార్కండేయ ముందుకు వంగాడు. "ఇరవై ఒక్క రోజులు వరసగా వాన లేకుంటేనే కరువు మండలం అంటారు. మనకు ముప్పై నాలుగు రోజులు. మధ్యలో ఈ ముప్పై ఒకటి వచ్చి కూర్చునింది. అటు పదిహేను, ఇటు పద్దెనిమిది. మన పేరు లిస్టులోంచి కొట్టేసినారు. సాయంత్రం ఐదుకు లిస్టు మూసేస్తారంట. మా తలారి రిజిస్టరులో సున్నా ఉండాదని చెప్తే యేమన్నారో తెలుసా? మీ తలారి ఇంట్లో పండుకోని రాసింటాడు అన్నారు."

చౌడప్ప రిజిస్టరును చంకలో పెట్టుకున్నాడు. బయట ఎకరాలకు ఎకరాలు చెనక్కాయ పూత మాడి, కాయ కట్టాల్సిన ఊడలు నేలలోకి దిగలేక గాలిలో ఎండిపోయి ఉన్నాయి. లిస్టులో పేరు లేకపోతే విత్తనం లేదు, బీమా లేదు, గడ్డి లేదు. అదంతా ఆయనకు తెలుసు. తన రెండెకరాలూ అందులో ఉన్నాయి. కానీ ఆ నిమిషాన ఆయన్ను పొడిచింది అది కాదు. తొమ్మిదేళ్ళ కిందటి మాట మళ్ళీ అదే మాటగా వచ్చి ముఖాన పడింది. ఊరంతా ఎండిపోతుంటే తనకు తన సున్నా ముఖ్యమైపోయిందే అని సిగ్గు కూడా వేసింది. సిగ్గు వేసినంత మాత్రాన ఆ పోటు తగ్గలేదు.

"ఫోటో ఉండాది సార్" అన్నాడు.

"యేం ఫోటో?"

"దినామూ తీస్తాండా గదా సార్. తొమ్మిదేండ్లుగా. గ్రూపులో పెడతాండా."

మార్కండేయ ప్రశాంతి వంక చూశాడు. ప్రశాంతి తన ఫోను వంక చూసుకుంది. ఆ గ్రూపును చేరిన మొదటి వారమే సైలెంటులో పెట్టిన సంగతి ఆ అమ్మాయికి గుర్తొచ్చింది.

ప్రశాంతి బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని చౌడప్ప ఫోను తీశాడు. తారీకు పట్టి వెతకడం ఆయనకు తెలియదు. బొటనవేలితో తెర తోశాడు. వేలు ఎటు జారిందో, ఫోటోలు వెనక్కి వెనక్కి పరుగెత్తి తొమ్మిదేళ్ళ కింద ఆగాయి. "ఇటియ్యన్నా, నేను తీస్తా" అనబోయిన ప్రశాంతి, మొదటి ఫోటో చూసి ఆగిపోయింది. సగం ఫోటో చౌడప్ప వేలే ఉంది.

"అప్పుడు తెల్దు" అన్నాడు చౌడప్ప, మొహమాటంగా.

తర్వాతవన్నీ ఒకటే ఫోటోలా ఉన్నాయి. వానడబ్బా, గోడ, గుట్ట, ఆకాశం. కాసేపు చూశాక కాదని తెలిసింది. ఒకదాంట్లో వానడబ్బా మీద ఒక మేక ముందరి కాళ్ళు పెట్టి గరాటాలో మూతి దూర్చి ఉంది.

"సుంకప్పది ఆ మేక. సీసాలో నీళ్ళుంటే తాగిపోతాండె. ఆ నెల్లో రెండు వానలు దాని కడుపులోకి పోయినాయి. ఆమీటనే ఈ కంచె ఏసిరి."

ఒకదాంట్లో గరాటా నోటికి అడ్డంగా సాలెగూడు, గూడు నిండా మంచు బొట్లు. "సీసాలో ఏం లేదు మేడం. దీన్ని యెట్ల కొలిచేది? సున్నానే రాస్తి. ఆ పొద్దంతా మనసు ఒప్పల్యా." ఒకదాంట్లో మనిషన్నవాడు లేని రోడ్డు, గోడ మీద ఒక నెమలి. రోగం భయంతో ఊళ్ళన్నీ మూసేసిన రోజులవి. ఒకదాంట్లో ఏమీ కనిపించలేదు, అంతా బూడిదరంగు తడి. ఒక కార్తీకంలో వాగులూ వంకలూ పొంగినప్పటిది. ఆ రోజు సీసా నిండి డబ్బాలోకి కారితే గ్లాసుతో ఎన్నిసార్లు కొలిచాడో చౌడప్ప వేళ్ళ మీద చూపించాడు. చూపిస్తుంటే ఆయన ముఖం పెళ్ళివారి ముఖంలా వెలిగింది.

ప్రశాంతి ఒక చోట ఆగింది. "ఈ రిబ్బన్లు యెవరివన్నా?"

గోడ పైఅంచున రెండు ఎర్ర రిబ్బను ముడులు. మనిషి కనిపించదు. స్కూలుకు పోయే ఒక అమ్మాయి. ఎవరి బిడ్డో చౌడప్పకూ తెలియదు. రోజూ అదే టైముకు గోడ అవతల నడిచిపోతుంది. తోసుకుంటూ పోతే, రెండేళ్ళకు రిబ్బన్ల కింద నుదురు వచ్చింది. తర్వాత కళ్ళు. ఒక రోజు ఆ కళ్ళు నేరుగా ఇటే చూశాయి. తర్వాత ముఖమంతా, తర్వాత భుజాలు. ఒక జూన్ నుంచి గోడ మీద మళ్ళీ ఎవరూ లేరు.

"కాలేజీకి పోయినట్టుంది" అన్నాడు చౌడప్ప. "అనంతపురమో యాడికో."

టైము పదకొండు దాటుతోందని ఇద్దరికీ తెలుసు. అయినా ప్రశాంతి ఇంకొకటి అడిగింది. ప్రతి ఫోటోలోనూ కింది అంచు నుంచి ఒక నీడ లోపలికి వచ్చి ఉంది. తలగుడ్డ ముడి, పక్కకు చాచిన మోచెయ్యి. చలికాలం ఫోటోల్లో అది సాగి వానడబ్బాను తాకుతోంది. వేసవిలో మధ్యలోనే ఆగిపోతోంది.

"నాదే మేడం. అది రాకుండా తీయల్లని చానా సూసినా. ఎండ ఈపు మీద ఉంటాది గదా, యాడికి పోతాది?" తప్పు చేసినవాడిలా అన్నాడు.

ఏడో తారీకు గురువారం ఫోటో దొరికింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది, ఒక్క మబ్బు తునక లేదు. కింద ఎనిమిది మంది ఆడవాళ్ళు. ఇద్దరి భుజాల మీద వేపాకు కట్టిన రోకలి, రోకలి నడుమ గుడ్డలో కట్టిన కప్ప. అందరి కొంగులూ తడిసి ఉన్నాయి. కుడివైపు మిషను దగ్గర ఒకామె మునివేళ్ళ మీద నిలబడి, రెండు చేతులతో చెంబు ఎత్తి, గొట్టం నోట్లోకి నీళ్ళు పోస్తోంది. చౌడప్ప నీడ తల ఆమె పాదాల దాకా వెళ్ళి ఆగింది.

"ఈమె యేం చేస్తాందన్నా?" ప్రశాంతి గొంతు మారింది.

"నీళ్ళు పోస్తాంది. మా ఇంటామె, తిప్పమ్మ. కప్పకు నీళ్ళు పోయించుకుంటా ఇల్లిల్లూ తిరిగిరి గదా, వాన రావల్లని. కప్ప దొరికేదానికే రెండు దినాలు పట్టింది ఈ యేడు." చౌడప్ప నవ్వాడు. "సరే, వానదేవుని ఇల్లు మీ ఆఫీసులోనే గదా ఉండేది అని ఈడికీ వచ్చిరి. దానికేముంది మేడం? అది పైనించి సూసి గదా కొలిచేది. తీగ ఉండాది గదా దానికి."

ప్రశాంతి ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"పైనించి కాదన్నా. లోపల చిన్న చెంచా మాదిరిది ఉంటాది, రెండు పక్కలా. గొట్టంలో పడిన నీళ్ళకు అది ఒకసారి అటు ఒరుగుతాది, ఒకసారి ఇటు. ఎన్నిసార్లు ఒరిగితే అంత వాన. అవి మబ్బులో నీళ్ళా, చెంబులో నీళ్ళా, దానికేం తెలుసు? ఆ గొట్టం నోటికి ముప్పై ఒక్క మిల్లీమీటర్లంటే లీటరు. ఆ చెంబు లీటరు పట్టదా?"

చెంబు లీటరు పడుతుంది. అది చౌడప్ప ఇంటి చెంబే.

ఆ గురువారం ఆయన కళ్ళ ముందు మళ్ళీ నడిచింది. కంచె గేటు తీసింది తనే. తిప్పమ్మ మొదట చెంబు ఎత్తింది ఆయన వానడబ్బా మీదికి. "ఏయ్, దాన్ని ముట్టద్దు! నా లెక్క చెడిపోతాది. పోసేదుంటే పో, దాని నెత్తిన పోయి" అని మిషనును చూపించాడు. ఆడవాళ్ళంతా నవ్వారు. ఆయనకూ సంతోషం వేసింది, సవతి నెత్తిన నీళ్ళు కుమ్మరించినంత సంతోషం. అప్పుడే ఎనిమిదిన్నర అయితే, ఆకాశం చూసుకుంటూ ఫోటో తీసేశాడు.

తన సున్నాను కాపాడుకోబోయి మండలం కరువునే చెంబెడు నీళ్ళతో కడిగేశాడు. ఈ మాట ఆయనకు బయటి నుంచి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"సారుకు చూపిస్తే గవర్నమెంటు మిషను చెడగొట్టినారంటారు. కేసంటారు" అంది ప్రశాంతి. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "పైన ఆకాశం వరకే కోసి చూపిద్దామా? మబ్బు లేదని తెలుస్తాది."

"మబ్బు లేకపోతే నీళ్ళు యాడివి అంటారు గదా మేడం."

"అంటారు."

చౌడప్ప లేచి బయటికి వెళ్ళాడు. గేటు దగ్గర బండివాడి సోడా తాగాడు. తేన్పు వచ్చింది గానీ రొమ్ము కింద బరువు దిగలేదు. వానడబ్బా దగ్గరికి పోయి కంచె పట్టుకుని నిలబడ్డాడు. తిప్పమ్మ ఏనాడూ ఆఫీసు మెట్లు ఎక్కలేదు. ఆమె పేరు కాగితం మీదికి ఎక్కడం ఆయనకు ఇష్టం లేదు. ఇంకొక యేడాదిలో దిగిపోయే పనిలో మచ్చతో దిగిపోవడమూ ఇష్టం లేదు. పోనీ ఫోటో దొరకలేదని చెప్పవచ్చు. గ్రూపు తెరిచి చూసేవాళ్ళు లేరు, చెప్తే ఎవరూ అనుమానించరు. ఆ ఒక్క రోజు ఇంట్లో పడుకున్నాడు కాబోలు అనుకుంటారు, అంతే. ఆ "అంతే" దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్ళు ఆఫీసు వైపు తిరిగాయి.

"కోయద్దు మేడం" అన్నాడు లోపలికి వచ్చి. "కోసి సూపిస్తే అది సూసిన ఫోటో గాదు. మొత్తం సూపించండి. పొయ్యమన్నది నేనేనని గూడా రాసుకోండి. ఆమెకు యేం తెల్దు."

మార్కండేయ ఫోటో చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. సంగతంతా విన్నాక బల్ల మీద చెయ్యి చరిచి, "గవర్నమెంటు మిషనుకు అభిషేకం చేయించినావా! కొబ్బరికాయ కొట్టలేదా?" అని అరిచాడు. అరుస్తుండగానే నవ్వు వచ్చింది. నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళు తాగి, పొలమారి, దగ్గి, చివరికి అనంతపురానికి ఫోను కలిపాడు.

"లేద్సార్, మేఘం కాదు... చెంబు. చెంబు సార్, నీళ్ళ చెంబు... అవున్సార్. కప్ప... అవున్సార్, కప్పే."

అవతల కూడా ఎవరో నవ్వుతున్నట్టు ఫోనులోంచి వినిపించింది. నవ్వు అయ్యాక పని మొదలైంది. మిషను నిమిష నిమిషానికి చెప్పిన లెక్క తెప్పించి చూస్తే, ఆ ముప్పై ఒక్క మిల్లీమీటర్లూ ఎనిమిదీ ముప్పై ఒకటికి మొదలై రెండు నిమిషాల్లో అయిపోయింది. ఫోటో మీద ఉన్న టైమూ అదే. ప్రశాంతి రాసింది, చౌడప్ప పేరు కూడబలుక్కుని సంతకం చేశాడు. ఫోటో రంగుల్లో మూడు కాగితాల మీద వచ్చింది. రెండు చాలు, ప్రింటరు పొరపాటున మూడు తీసింది. మార్కండేయ చూసుకోకుండా మూడింటి మీదా పచ్చ సిరాతో సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. మధ్యాహ్నం మూడు గంటల నలభైకి కాగితాలు అనంతపురం చేరాయి. నాలుగున్నరకు బూదగుట్ట పేరు తిరిగి లిస్టులోకి ఎక్కిందని ఫోను వచ్చింది.

"నీకు మెమో వస్తాది చౌడప్పా. అది నేను ఆపలేను" అన్నాడు మార్కండేయ.

"రానీ సార్." చౌడప్ప కదలకుండా నిలబడ్డాడు. "సార్, నా సున్నా సున్నానే గదా?"

మార్కండేయ ఆ ముసలి ముఖం వంక ఒక క్షణం చూశాడు. "సున్నానే. పో, ఇంటికి పో."

చౌడప్ప సైకిలు తొక్కలేదు, పట్టుకుని నడిపించుకుంటూ పోయాడు. దారి పొడుగునా మాడిన చెనక్కాయ చేలు. ఎవరో పొలంలోకి గొర్రెలను తోలేశారు, ఇక పంట మీద ఆశ లేదని. ఆయన మనసు మాత్రం తేలిగ్గా ఉంది. ఇంత తేలిగ్గా ఉండటం తప్పేమో అని కూడా అనిపించింది.

తిప్పమ్మ వాకిట్లో పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తోంది. చౌడప్ప నులకమంచం మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. ఆమె రొట్టె తిప్పడం మరిచిపోయింది.

"అయితే నేను పోసిన నీళ్ళు అనంతపురం దాకా పోయినాయా?"

"పోయినాయి."

"నా ఫోటో?"

"అదీ పోయింది."

"నువ్వేగదప్పా దాని నెత్తిన పోయమంటివి?"

"అదే చెప్పినా. రాసిచ్చినా."

"అట్ల రాసిచ్చే మొగోడు యాడన్నా ఉంటాడా!" తిప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి, "ఆ పాత చీర గదా కట్టుకోనుంటి. ముందే చెప్పింటే మంచిది కట్టుకుందును" అంది.

"కొంచేపు నడుము వాలుస్తా. రొట్టె అయితే పిలువు" అని చౌడప్ప తలగుడ్డ తీసి మడిచి తల కింద పెట్టుకున్నాడు.

ఆమె మాడిన రొట్టె కుక్కకు వేసి, ఇంకో రెండు కాల్చి, ఒకదాని మీద చెనక్కాయల ఊరిబిండి పెట్టి పిలిచింది. ఇంకా పొద్దు ఉంది. మళ్ళీ పిలిచింది. పళ్ళెం కింద పెట్టి దగ్గరికి పోయింది.

మర్నాడు ఎనిమిదిన్నరకు సీసా ఎవరూ తీయలేదు. మిషను సున్నా అని చెప్పుకుంది.

హేమ హిందూపురం నుంచి వచ్చింది. ఇంట్లో వెతికితే చౌడప్ప ఫోటో ఒక్కటీ దొరకలేదు. చివరికి ఆధార్ కార్డు మీది ముఖాన్నే పెద్దది చేయించి దండ వేశారు. అందులో ఆయన ఏదో నేరం ఒప్పుకుంటున్నవాడిలా ఉన్నాడు. మెమో వారానికి వచ్చింది. మీద పేరు చూసి మార్కండేయ దాన్ని ఫైల్లో పెట్టేయమన్నాడు. దినాలు కాకముందే వాన పడింది. చెనక్కాయకు అప్పటికే పనికిరాని వాన, ఉలవలు చల్లుకోవడానికి పనికొచ్చే వాన. కంచె గేటుకు తాళం ఉంటే ప్రశాంతి కంచె దాటి పోయి, గొంతుకు కూర్చుని, గ్లాసును కంటికి సమానంగా పెట్టి చూసింది. పంతొమ్మిది. మిషను పద్దెనిమిదిన్నర అంది.

పన్నెండో రోజున తిప్పమ్మ మొదటిసారి ఆఫీసు మెట్లు ఎక్కింది. కొంగు ముడి విప్పి, కంచె గేటు తాళంచెవి ప్రశాంతి బల్ల మీద పెట్టింది. పెట్టి కూడా పోలేదు.

"అమ్మా, నేను నీళ్ళు పోసేది ఫోటో తీసినాడంట గదా. ఒకసారి సూసేదానికి అయితాదా?"

ప్రశాంతి సొరుగులోంచి మూడో కాగితం తీసి ఇచ్చింది. తిప్పమ్మ దాన్ని కిటికీ వెలుతురుకు తిప్పుకుని చూసింది. తనను తాను చూసుకుని పెదవి విరిచింది. తర్వాత ఆమె వేలు కిందికి జరిగి, నేల మీది నీడ దగ్గర ఆగింది.

"ఈయప్ప ఈడున్నాడే" అంది. "తలగుడ్డ ముడి సూడు, అట్ల పక్కకు ఏస్తాడు. యెన్నిసార్లు చెప్పినా."

ప్రశాంతి స్టూలు ముందుకు జరిపింది.

"మా పెండ్లినాడు ఇరగబారి వాన. ఫోటో తీసేటోడు ధర్మవరం నుంచి రాల్యా. మళ్ళా యెప్పుడన్నా దిగుదాములే అంటాండె." తిప్పమ్మ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "ఇద్దరమూ ఉండేది ఇదొక్కటేనమ్మా. నేను ఎత్తుకోనిపోతా."

ఇప్పుడది వాళ్ళ ఇంట్లో, ఆధార్ ఫోటో పక్కన, అద్దం కట్టి మేకుకు తగిలించి ఉంది. పైన ఒక్క మబ్బు తునక లేని ఆకాశం, చెంబు ఎత్తిన తిప్పమ్మ, ఆమె పాదాల దాకా వచ్చిన ఒక తలగుడ్డ నీడ, ఆ నీడ మీద పచ్చ సిరా సంతకం, తహసీల్దారు గుండ్రటి ముద్ర.